ఎనిమిదంగుళాలు

మా ఖాసీల్లో మేనమామ మాటకు విలువెక్కువ.
ఇల్లు మాత్రం కడగొట్టు కూతురిది.
ఈ రెండు వాక్యాల మధ్య ఇరుకులో
అరవయ్యేళ్లుగా కాపురముంటున్నాను.

పోకమట్టల పళ్ళేల మిషను కొంటానని
ఫిదాలియా అన్నప్పుడు
గొంతు సవరించుకున్నాను.
కొంటే పెద్దదే కొనాలన్నాను.
ఐదు అచ్చులది, నూనె ఒత్తిడితో నడిచేది,
బొత్తాం నొక్కితే ఐదు పళ్ళేలు ఒక్కసారే,
పన్నెండంగుళాలవి, పెళ్ళిభోజనాలకు పనికొచ్చేవి.
గువాహటి బైశ్య పంపిన రంగుల కాగితంలో
అది ఏనుగులా నిలబడి ఉంది.

ఆమె ఏమీ అనలేదు.
అన్నం కుండ మూత పాత పేపరు మీద బోర్లించి
గీత గీసి కత్తిరించింది.
తర్వాత ఇంకో మూత. ఇంకోటి.
వారం రోజులు తోటలో
రాలిన ప్రతి మట్ట మీదా ఆ కాగితాలు పరిచి చూసింది,
గుడ్డ చాలుతుందో లేదోనని దర్జీ చూసినట్టు.
నూరు మట్టలు.
పన్నెండుకు సరిపోయినవి పంతొమ్మిది.
పదికి నలభై ఆరు.
ఎనిమిదికి తొంభై ఒకటి, మిగతావి పురుగు తిన్నవి.
"మామా, మన చెట్లు సన్నవి" అంది.
ఎవరో నా పిల్లల్ని తిట్టినట్టు కోపం వచ్చింది.

గువాహటికి సుమోలో పోతుంటే
ఆమె ఒళ్ళో వెదురు గంప,
గంపలో మా మట్టలే,
రాత్రంతా నానబెట్టి, పీచుతో తోమి, తుడిచినవి.
"షాపులో ఆకులున్నాయి కదమ్మా" అని బైశ్య నవ్వాడు.
"మీ ఆకు మీ మిషను మాట ఎలాగూ వింటుంది" అంది.

ఏనుగు దిగింది.
మా మట్ట ఈనె పక్కన ఫట్‌మంది.
మళ్ళీ దిగింది. మళ్ళీ ఫట్.
బైశ్య వేడి పెంచాడు, తగ్గించాడు,
ఆకును నిందించాడు, మా కొండ వానను నిందించాడు.
త్రీ ఫేజు కరెంటు లేకపోతే?
జనరేటరు.
ఆకు లోపలుండగా కరెంటు పోతే?
ఉబ్బి పాడవుతుంది.
అచ్చు అరిగితే?
కోయంబత్తూరు పంపాలి.
ఒక్కో జవాబుకు ఆమె ఒక్కో వేలు మడిచింది.
చివరికి చెయ్యి పిడికిలైంది.
ఆ పిడికిలితోనే మూలకు చూపించింది:
దుమ్ముపట్టిన రెండచ్చులది,
గ్యాసు మంటతో కాగేది, కాలితో తొక్కేది.

"అడుగున కోడిపుంజునైనా చెక్కించు,
అలిగిన సూర్యుణ్ణి వెనక్కి పిలిచిన పుంజు మాది" అన్నాను.
పుంజుకు నాలుగు వేలు ఎక్కువ, అన్నాడు బైశ్య.
"మట్టకు దాని గీతలు దానికున్నాయి మామా."

అచ్చు గుద్దినట్టు మా అక్కే అంటారు ఊళ్ళో.
నేనూ అంటాను. అదే నుదురు,
మెట్లు దిగేటప్పుడు అదే తొందర.
కానీ మా అక్కైతే ఏనుగునే తెచ్చేది,
అప్పు చేసి, దారంతా పాడుకుంటూ.
అక్క ఇప్పుడు దేవుడి గడపలో వక్క నములుతోంది.
పోయినవాళ్ల గురించి మేం అలాగే అంటాం.
అక్కడ వాయిదాలు అడిగేవాడు ఉండడనుకుంటాను.

మిషను వచ్చింది. తొక్కేది నేనే.
కుడి మోకాలు సహకరించదు, ఎడమకాలితో.
మొదటి పళ్ళెం మాడిపోయింది.
రెండోది తడి ఆరక ముడుచుకుంది.
మూడోది
పళ్ళెం.

సాయంత్రం పేర్చిన దొంతర పక్కన కూర్చుని చూశాను.
ఒకదానిమీద నది పాయలు, ఒకదానిమీద పొగ,
ఒకదానిమీద ఎవరో గోరుతో గీకి వదిలేసినట్టు.
అచ్చు ఒకటే.
పోలిక మాత్రం దేనికీ ఇంకోదానిది రాలేదు.

మాడినదాన్ని పారెయ్యనివ్వలేదు.
అందులో నా వక్కలు, తమలపాకు, సున్నపు డబ్బీ.
అన్నీ పట్టాయి.
అయినా పన్నెండైతే బాగుండేదని
ఇప్పటికీ అంటూనే ఉన్నాను,
తొక్కుతూ.